వ్రాయగల యంత్రము, అడుగవలసిన అనలిస్టు

“టికెట్టు రద్దు చేసికొనిన ప్రయాణికునకు సొమ్ము తిరిగి చెల్లింపవలెను” అను వాక్యమున అర్థము కాని పదమొక్కటియు లేదు. ఐనను, ఒక బస్సు సంస్థ యజమాని ఈ వాక్యమును కాగితముపై వ్రాసి, దీని ప్రకారము పనిచేయు ఆప్ ఒకటి తయారు చేయుడని ప్రోగ్రామర్ల చేతికిచ్చినచో, వారు అడుగు ముందునకు వేయజాలరు. బస్సు బయలుదేరుటకు ఎన్ని గంటల ముందు వరకు రద్దునకు అవకాశము? పూర్తి సొమ్మా, కొంత కోత విధించియా? నలుగురి పేర ఒక్క టికెట్టు కొని వారిలో ఒక్కరే ప్రయాణము మానుకొనినచో ఏమి చేయవలెను? కూపను వాడి తక్కువ ధరకు కొనినవారికి ఆ కూపనును గూడ తిరిగి ఇయ్యవలెనా? సంస్థయే బస్సును నిలిపివేసినపుడు కోత విధించుట న్యాయమా? సొమ్ము చెల్లించిన బ్యాంకు ఖాతాను ప్రయాణికుడు ఈలోగా మూసివేసియున్నచో ఆ సొమ్ము ఎచ్చటికి పోవలెను?

ఇట్టి ప్రశ్నలను కూడబెట్టుట, ఏ ప్రశ్నకు సమాధానము చెప్పు అధికారము ఎవరికి కలదో కనుగొనుట, అకౌంట్సు విభాగము ఒకటి చెప్పి బుకింగు విభాగము మరియొకటి చెప్పినపుడు ఇరువురను ఒకచోట కూర్చుండబెట్టి ఒక మాటకు తెచ్చుట, తుదకు ఆ మాటను ప్రోగ్రామర్లకును టెస్టర్లకును సందేహమునకు తావు లేకుండ వ్రాసి యిచ్చుట, ఈ నాలుగును కలిసి బిజినెస్ అనలిస్టు వృత్తి యగుచున్నది. హైదరాబాదులోని మాదాపూరు, గచ్చిబౌలి కార్యాలయములందే గాక, అమెరికాలోని బ్యాంకులలోను బీమా సంస్థలలోను ఈ ఉద్యోగము చేయుచున్న తెలుగువారు అనేకులు కలరు. ప్రోగ్రాములు వ్రాయుట రాకున్నను సాఫ్ట్‌వేరు రంగమున ప్రవేశింప వీలగు ద్వారములలో ఇది యొకటి కాబట్టి, అమీర్‌పేట శిక్షణ కేంద్రములలో దీనికి ప్రత్యేకముగా తరగతులు నడచుచున్నవి.

2022 నవంబరు 30వ తేదీన ఓపెన్ఏఐ సంస్థ చాట్‌జీపీటీని విడుదల చేసిన పిమ్మట ఈ వృత్తికి ఒక చిక్కు ప్రశ్న ఎదురైనది. పైన చెప్పిన వాక్యమును అట్టి యంత్రమునకు ఇచ్చి, ఏమేమి కావలెనో తెలుపు రిక్వైర్‌మెంట్ల పత్రము తయారు చేయుమనినచో, శీర్షికలతోడను, వరుస సంఖ్యలతోడను, మినహాయింపుల పట్టికతోడను కూడిన పత్రము ఒక్క నిమిషములో వెలువడును. చూపునకు అది అనుభవజ్ఞుడైన అనలిస్టు కొన్ని దినములు శ్రమించి వ్రాసిన పత్రమువలెనే యుండును. అట్లయినచో ఆ కొన్ని దినముల వేతనము దేనికి? ఉద్యోగములన్నియు పోవునని కొందరును, ఏమియు మారదని కొందరును తొందరపడి తీర్పు చెప్పుచున్నారు. యంత్రము ఆ పత్రమును ఎట్లు వ్రాసినదో తెలిసికొనిన పిమ్మట గాని, పనిలో ఏ భాగము దాని వశమైనదో, ఏ భాగము మనుష్యుని యొద్దనే మిగిలినదో తేలదు.

వ్రాత వేరు, నిర్ణయము వేరు

ఈ వృత్తి చిరకాలముగా ఉన్నదే యైనను, దానికి అంతర్జాతీయముగా ఒక సంఘము కెనడాలో ఏర్పడినది 2003లో మాత్రమే. అంతకు పూర్వమే, 1986లో, ఫ్రెడ్ బ్రూక్స్ అను అమెరికా కంప్యూటరు శాస్త్రజ్ఞుడు తన ప్రసిద్ధ వ్యాసమున, సాఫ్ట్‌వేరు నిర్మాణములో మిక్కిలి కఠినమైన భాగము ప్రోగ్రాము వ్రాయుట కాదనియు, ఏమి నిర్మింపవలెనో నిర్దుష్టముగా నిశ్చయించుకొనుటయే యనియు వాదించినాడు. తప్పు వాక్యమును దిద్దుట సులభము. తప్పు కోరికను సక్రమముగా నెరవేర్చిన ప్రోగ్రామును దిద్దవలెనన్నచో, మొదట అది తప్పని ఎవరికైనను తోపవలెను గదా!

కాని కార్యాలయములలో కంటికి కనబడునది నిర్ణయము కాదు, వ్రాత. మీటింగు మినిట్సు, యూజర్ స్టోరీలు, ప్రక్రియను బొమ్మగా చూపు చిత్రములు, పరీక్షింపవలసిన సందర్భముల జాబితాలు, పై అధికారులకు పంపు సారాంశములు, డేటాబేసు నుండి లెక్కలు తీయు ఎస్‌క్యూఎల్ ప్రశ్నలు, వీనితోనే అనలిస్టు దినము నిండిపోవుచుండెను. తలలోని ఆలోచనను కొలుచుటకు గజము లేదు గాని పుటలను లెక్కించుట సులభము కాబట్టి, పుటల సంఖ్యయే పనికి కొలమానమై కూర్చున్నది. ఇప్పుడు వచ్చిన యంత్రము సరిగా ఆ కొలమానమునే అర్థరహితము చేసినది.

యంత్రము ఎట్లు వ్రాయుచున్నది?

రిజిస్ట్రారు కార్యాలయము చెంత బల్ల వేసికొని కూర్చుండు దస్తావేజు లేఖరిని తలచుకొనుడు. అతడు తన జీవితమున వేలకొలది విక్రయ పత్రములను వ్రాసియుండును. అమ్మువాని పేరు తరువాత తండ్రి పేరు వచ్చుననియు, సర్వే నంబరు తరువాత విస్తీర్ణము వచ్చుననియు, తూర్పు హద్దు చెప్పిన పిమ్మట దక్షిణపు హద్దు చెప్పవలెననియు అతని చేతికే తెలియును. కొన్ని వివరములు లోపించినను అతని కలము ఆగదు. అట్టి భూములకు సాధారణముగా ఏ హద్దులు వ్రాయుదురో ఆ హద్దులు వ్రాసి పత్రమును ముగింపగలడు. పత్రము భాషలో ఒక్క దోషము ఉండదు. ఐనను, తూర్పున ఉన్నది నిజముగా పుంతదారియో, పొరుగువాడు ఆక్రమించిన గట్టో ఆ బల్ల వద్ద కూర్చుండి తెలిసికొన శక్యము కాదు. ఆ సంగతి పొలము గట్టున నడచినవానికే తెలియును.

జనరేటివ్ ఏఐ అని పిలువబడు యంత్రము అట్టి లేఖరి. దానికి అసంఖ్యాకములైన పుస్తకములను, వ్యాసములను, కార్యాలయ పత్రముల నమూనాలను చూపి, ప్రతిచోటను కొంత పాఠమునిచ్చి, తరువాత వచ్చు మాట యేదో ఊహింపుమని శిక్షణ నిత్తురు. ఊహ తప్పినపుడెల్ల, లోపలనున్న సంఖ్యలు కొద్దికొద్దిగా సవరింపబడును. 2020లో వెలువడిన జీపీటీ-3 అను యంత్రమునందు అట్టి సంఖ్యలు 17,500 కోట్లు. ఈ సవరణ అనేక పర్యాయములు జరిగిన పిమ్మట, ఏ మాటల సందర్భమున ఏ మాట రాదగునో అను సంభావ్యత ఆ సంఖ్యలలో నిక్షిప్తమగును. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణము, ఒక మాటను ఎన్నుకొనునపుడు ముందున్న మాటలలో ఏది యెంత ముఖ్యమో తూచి చూచు శక్తిని యంత్రమునకు ప్రసాదించినది. దానివలననే మొదటి పుటలో చెప్పిన బస్సు సంస్థ పేరును పదవ పుటలోను అది మరువకుండ వాడగలుగుచున్నది.

*వివరణ: టోకెను అనగానేమి?*

*యంత్రము మాటలను మాటలుగా చూడదు. పాఠమును టోకెన్లు అను చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కకు ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యల వరుసనే చదువును. సమాధానమును గూడ ఒక్కొక్క ముక్కగానే కూర్చును. ఈ విభజనకు ఆధారమైన పాఠములో ఇంగ్లీషు మిక్కుటము గనుక ఇంగ్లీషు మాట తరచుగా ఒకటి రెండు ముక్కలతో ముగియును. అదే భావముగల తెలుగు మాట అనేక ముక్కలగును. టోకెన్ల లెక్కన రుసుము వసూలు చేయు సేవలలో, ఒకే విషయమును తెలుగున అడిగినచో ఖర్చు అధికమగుటకు ఇదియే కారణము.*

ఇప్పుడు మొదటి రహస్యము విడిపోవుచున్నది. యూజర్ స్టోరీలు, పరీక్షా సందర్భములు, మీటింగు సారాంశములు లోకమంతటను ఇంచుమించు ఒకే మూసలో వ్రాయబడును. ఎవరు, ఏమి కోరుచున్నారు, ఎందులకు కోరుచున్నారు అను మూడు గదులను నింపుటయే యూజర్ స్టోరీ రూపము. మూస యెంత స్థిరమైనదో తరువాతి మాటను ఊహించుట అంత సులభము. ఏకరూపత కొరకు ఈ వృత్తివారు ఏండ్ల తరబడి పాటుపడి ఏర్పరచుకొనిన నమూనాలే వారి వ్రాతను యంత్రమునకు సుసాధ్యము చేసినవి.

ఖాళీ కనబడక పూడిపోవుట

రెండవ రహస్యము అంతకన్న ముఖ్యమైనది. బస్సు బయలుదేరుటకు ఎన్ని గంటల ముందు వరకు టికెట్టును రద్దు చేయవచ్చునో మనము చెప్పలేదు. ఐనను యంత్రము వ్రాసిన పత్రములో “24 గంటల ముందు రద్దు చేసినచో పూర్తి సొమ్ము” అను నియమము దర్శనమీయవచ్చును. ఈ 24 ఎచ్చటినుండి వచ్చినది? యజమాని మనస్సు నుండి రాలేదు. అట్టి నియమములు వ్రాసియున్న అనేక పత్రములలో తరచుగా కనబడిన సంఖ్య గనుక వచ్చినది. ఊహించుటయే దాని స్వభావమైనపుడు, తెలిసిన దానిని చెప్పుటయు తెలియని దానిని పూరించుటయు మాటవెంట మాటను ఊహించుటవలననే జరుగును. రెండును ఒకే ప్రక్రియ.

దీనికి శిక్షణలోని మరియొక దశ తోడైనది. ముడి యంత్రము ఊహింపగలదే గాని సంభాషింపజాలదు కాబట్టి, అది యిచ్చిన సమాధానములను మనుష్యులచేత పోల్చించి, వారు మెచ్చిన రీతిని అలవరచుదురు. మనుష్యులు సహజముగా నిండు సమాధానమును మెచ్చుకొందురు గాని, ఎదురు ప్రశ్న వేసి పనిని నిలిపివేయు దానిని అంతగా మెచ్చుకొనరు. కావున, ముందుగా సందేహములు అడుగుమని ఆజ్ఞాపించిననే తప్ప, అది తనంతట తాను సమాధానము వైపునకే మొగ్గును. అడుగుమని ఆజ్ఞాపించినపుడు మాత్రము చక్కని ప్రశ్నల జాబితా నిచ్చును. అనలిస్టులు దానిని ఈ విధముగా గూడ వినియోగించుకొనవచ్చును. కాని ఆ ప్రశ్నలు గూడ లోకములో సాధారణముగా అడుగబడునవే. ఫలానా డిపో మేనేజరు పండుగ దినములలో వ్రాతలో లేని వేరొక నియమమును పాటించుచున్నాడను సంగతి ఎక్కడను అచ్చుపడలేదు గనుక, దానిని గూర్చిన ప్రశ్న జాబితాలో చేరదు.

పూర్వము అనలిస్టు చేతివ్రాతలో ఖాళీ ఉన్నచో అది ఖాళీగానే కనబడెడిది. “ఇది ఇంకను తేలవలసియున్నది” అని ప్రక్కన వ్రాసెడివారు. ఇప్పుడు ఖాళీ నిండుగా కనబడుచున్నది. చదువువాడు ఆగి సందేహించుటకు కావలసిన ఆనవాలు చెరిగిపోయినది. ఈ యంత్రము తెచ్చిన నూతన ప్రమాదమంతయు ఇందులోనే యున్నది.

లెక్క సరియే, ప్రశ్న తప్పు

అంకెల విషయమున ఈ ప్రమాదము మరింత సూక్ష్మము. 1970 దశకమున ఐబీఎం పరిశోధకులు రూపొందించిన ఎస్‌క్యూఎల్ భాషలో డేటాబేసును ప్రశ్నింపగలుగుట అనలిస్టునకు ఒక ప్రత్యేక విద్యగా నుండెను. నేడు “పోయిన నెలలో మన బస్సులలో ఎందరు ప్రయాణించిరి?” అని మామూలు మాటలలో అడిగినచో, యంత్రమే ఎస్‌క్యూఎల్ వాక్యమును వ్రాసి, డేటాబేసుతో జతపరచినచో నడిపించి, ఒక సంఖ్యను చేతికిచ్చును.

ఆ సంఖ్యను నమ్మవచ్చునా? పోయిన నెలలో టికెట్టు కొన్నవారా, పోయిన నెలలో బస్సెక్కినవారా? ఒక్క టికెట్టుపై నలుగురు పోయినచో ఒకరా నలుగురా? రద్దు చేసికొన్నవారిని తీసివేయవలెనా? టికెట్టు కొని బస్సు అందుకొనలేని వారి మాటేమి? డేటాబేసులో “స్థితి” అను గడిలోని 3 అను అంకెకు పాత ఆప్‌లో ఒక అర్థమును, కొత్త ఆప్‌లో వేరొక అర్థమును ఉండవచ్చును. వీనిలో ప్రతి మలుపునను యంత్రము ఏదో యొక దారి ఎన్నుకొనును. ఎన్నుకొనినట్లు చెప్పవలెనని నియమము లేదు. వాక్యనిర్మాణము తప్పైనచో డేటాబేసు వెంటనే తిరస్కరించును గాని, అర్థము తప్పైనచో మారుమాట లేకుండ ఒక సంఖ్య నిచ్చును. కావున అనలిస్టు నేడు నేర్వవలసినది ఎస్‌క్యూఎల్ వ్రాయుట కన్న, వ్రాసిన ఎస్‌క్యూఎల్‌ను చదివి అందులో దాగిన నిర్ణయములను బయటికి లాగుట.

*వివరణ: సంస్థ కాగితములను ముందుంచిన చాలదా?*

*యంత్రము సాధారణ జ్ఞానముతో ఊహించుటను తగ్గించుటకు ఒక ఉపాయము కలదు. ప్రశ్న రాగానే, సంస్థయొక్క సొంత పత్రములలో దానికి సంబంధించిన భాగములను వెదకి తీసి, ప్రశ్నతోపాటు యంత్రము ముందుంచి, వీని ఆధారముననే సమాధానము చెప్పుమనుదురు. 2020 నుండి ప్రచారములోనికి వచ్చిన ఈ పద్ధతిని ఇంగ్లీషు తొలి అక్షరములతో ఆర్ఏజీ అందురు. దీనివలన తప్పులు తగ్గును గాని, పాత పత్రమును కొత్త పత్రమును పరస్పరము విరుద్ధముగా నున్నపుడు ఏది చెల్లునో పత్రములు తామై చెప్పవు. అసలు కాగితముమీదికి ఎక్కని వాడుక దీనికి అందనే అందదు.*

758 మంది పరీక్ష

ఈ మాటలు ఊహలు కావనుటకు ఒక ప్రయోగము సాక్ష్యమిచ్చుచున్నది. 2023లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు మొదలగు విద్యాసంస్థల పరిశోధకులు బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపునకు చెందిన 758 మంది కన్సల్టెంట్లకు పరీక్ష పెట్టి, కొందరికి జీపీటీ-4 అను యంత్రము నిచ్చి, కొందరికి ఈయక, ఫలితములను పోల్చి చూచిరి. కొత్త వస్తువులకు ఆలోచనలు చెప్పుట, ప్రకటనలు వ్రాయుట వంటి పనులలో యంత్రము చేతనున్నవారు సుమారు 12 శాతము ఎక్కువ పనులను, సుమారు 25 శాతము ఎక్కువ వేగముతో పూర్తి చేసిరి. వారి పని నాణ్యత గూడ 40 శాతము మించి యున్నట్లు పరీక్షకులు తేల్చిరి.

కాని పరిశోధకులు వేరొక పనిని గూడ నిర్ణయించిరి. ఒక సంస్థయొక్క బ్రాండ్ల అమ్మకముల లెక్కలను స్ప్రెడ్‌షీటు రూపమునను, ఆ సంస్థ ఉద్యోగులతో జరిపిన సంభాషణలను పాఠరూపమునను ఇచ్చి, ఏ బ్రాండుపై శ్రద్ధ పెట్టవలెనో చెప్పుడనిరి. స్ప్రెడ్‌షీటు మాత్రమే చూచినచో ఒక సమాధానము స్పష్టముగా తోచును. సంభాషణలలోని ఒక సూక్ష్మమును పట్టుకొన్నవారికి మాత్రము ఆ తోచినది తప్పని తెలియును. ఈ పనిలో యంత్రము లేనివారిలో సుమారు 84 శాతము మంది సరియైన సమాధానము చెప్పగా, యంత్రము కలవారిలో 60 నుండి 70 శాతము మంది మాత్రమే చెప్పగలిగిరి. అంతకన్న విచిత్రమేమనగా, సమాధానము తప్పైనను, యంత్ర సహాయమున వ్రాసిన సిఫారసులు వ్రాతతీరులో మెరుగుగా నుండినవి.

లెక్కలను, మాటలను ఎదురెదురుగా పెట్టి రెండును పొసగని చోటును కనిపెట్టు ఈ రెండవ పనియే బిజినెస్ అనలిస్టు నిత్యకృత్యము. మొదటి జాతి పనిలో సాయపడిన యంత్రమే రెండవదానిలో దారి తప్పించినది. పాఠకుడు గ్రహింపవలసిన సంగతి యేమనగా, యంత్రము సాయపడు పనికిని దారి తప్పించు పనికిని నడుమనున్న హద్దు ఏ బల్లమీదను గీత గీసి యుండదు. ఒకే దినమున ఒకే అనలిస్టు చేయు రెండు పనులలో ఒకటి దానికి ఇవతలను, ఒకటి అవతలను ఉండవచ్చును.

జవాబుదారీ ఎవరిది?

2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున చిన్న వివాదములను తీర్చు ట్రైబ్యునలు ఒకటి ఎయిర్ కెనడా విమాన సంస్థకు వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. బంధువు మరణించినందున ప్రయాణము చేయువారికి ఇచ్చు రాయితీని ప్రయాణము ముగిసిన తరువాతనైనను కోరవచ్చునని ఆ సంస్థ వెబ్‌సైటులోని చాట్‌బాట్ ఒక ప్రయాణికునకు చెప్పినది. అసలు నియమము అందులకు విరుద్ధముగా నుండెను. చాట్‌బాట్ చెప్పిన మాటకు తాము బాధ్యులము కామన్న సంస్థ వాదము చెల్లలేదు. అది ఏ జాతి యంత్రమైనను, తన వెబ్‌సైటులోని ప్రతి మాటకును సంస్థయే పూచీ యని తీర్పు.

ఈ తీర్పు అనలిస్టు పనికి నేరుగా తగులుచున్నది. ఒక సంస్థ నియమములు ఒక పుటలో ఒక తీరుగను, యంత్రము నోట వేరొక తీరుగను ఉండకుండ చూచుట ఎవరో యొకరి ఉద్యోగము కావలెను. యంత్రము ఏయే ప్రశ్నలకు సమాధానము చెప్పవచ్చును, ఎచ్చట ఆగి మనుష్యునకు అప్పగింపవలెను, తప్పు చెప్పినచో ఎట్లు తెలియును అను నిర్ణయములే నేడు కొత్త రిక్వైర్‌మెంట్లు. పూర్వము ఒకే ప్రశ్నకు ప్రోగ్రాము ఎల్లప్పుడు ఒకే జవాబు నిచ్చునని నమ్మి పరీక్షలు వ్రాసెడివారు. నేడు ఒకే ప్రశ్నకు పలు రూపముల జవాబు లిచ్చు యంత్రమునకు, ఏ జవాబులు అంగీకార్యములో హద్దులు గీయవలసి వచ్చుచున్నది.

రహస్య రక్షణ గూడ ఈ బాధ్యతలోనిదే. క్లయింటు పత్రములను, ఖాతాదారుల వివరములను బహిరంగ సేవలో అతికించి సారాంశము వ్రాయుమనుట క్షణములో జరిగిపోవు పని. భారతదేశమున 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము ఆమోదింపబడినది. ఏ సమాచారము ఏ యంత్రమునకు ఇయ్యవచ్చునో ముందుగా తేల్చుకొనుట మర్యాద మాత్రమే గాక చట్టము కోరు విధి యగుచున్నది.

కొత్తగా చేరువారి మాట

ఇంతవరకు చెప్పినదానిని బట్టి అనలిస్టునకు భయము లేదని తోపవచ్చును. అనుభవశాలికి భయము తక్కువయే. చేరబోవు వానికే చిక్కు. మొదటి రెండు మూడు సంవత్సరములు మినిట్సు వ్రాయుచు, ఇతరులు చెప్పిన స్టోరీలను శుభ్రముగా వ్రాసి యిచ్చుచు, టెస్టింగు జాబితాలు తయారు చేయుచు ఉండుటలోనే, ఏ విభాగమువాడు ఏ మాట దాచునో, ఏ నియమము వెనుక ఏ పాత తగాదా కలదో కొత్తవాడు నేర్చుకొనెడివాడు. యంత్రము తీసికొనినది సరిగా ఈ తొలి మెట్టును. మెట్టు పోయినను మేడ ఎక్కవలసిన అవసరము పోలేదు. తొలి మెట్టు పని చౌకగా దొరకుచున్నదని సంస్థలు కొత్తవారిని చేర్చుకొనుట మానినచో, పదియేండ్ల తరువాత యంత్రము వ్రాతను తప్పుపట్టగల పెద్దలు ఎచ్చటినుండి వత్తురు?

కావున శిక్షణ తీరు మారవలెను. పత్రముల మూసలను కంఠస్థము చేయించు తరగతికి ఇకమీదట విలువ లేదు. ఆ మూసలు యంత్రమునకు వచ్చును. యంత్రము వ్రాసిన పత్రము నొకదానిని విద్యార్థుల ముందుంచి, ఇందులో ఎవరును చెప్పని మాటలు ఎన్ని కలవు, ఒక్కొక్కదానిని ఎవరిని అడిగి నిర్ధారింపవలెను అని వారిచేత పట్టిక వేయించు తరగతికి విలువ కలదు. అటులనే బ్యాంకింగు గాని, బీమా గాని, జీఎస్‌టీ గాని, ఆసుపత్రి నిర్వహణ గాని ఏదో యొక రంగమును లోతుగా నెరిగినవాడు, రంగమెరుగక ఉపకరణములు మాత్రమే ఎరిగినవానికన్న ముందుండును. తప్పు పట్టుటకు మొదట ఒప్పు తెలిసియుండవలెను గదా.

సంస్థలు గూడ కొలమానమును మార్చుకొనవలెను. వారమునకు ఎన్ని స్టోరీలు వ్రాసినాడు అను లెక్కను ఇంకను పాటించినచో, అనలిస్టు యంత్రమునుండి వచ్చినదానిని వచ్చినట్లే ముందునకు తోయును. ఆ లెక్కన అతడే అందరికన్న సమర్థుడుగా తేలును. ప్రోగ్రామర్ల చేతికి పోకముందు ఎన్ని విరోధములు బయటపడినవి, ఏ నిర్ణయమును ఎవరు ఎప్పుడు చేసిరో వ్రాతమూలకముగా నున్నదా, ప్రతి నియమము వెనుక యంత్రపు ఊహయున్నదా మనుష్యుని మాటయున్నదా అని అడుగు సంస్థలో, యంత్రము ఆదా చేసిన కాలము ప్రశ్నలకు వెచ్చింపబడును. అడుగని సంస్థలో ఆ కాలము ఆదా కాదు. నిర్మాణము ముగిసిన తరువాత దిద్దుబాట్ల రూపమున వడ్డీతో సహా చెల్లింపవలసి వచ్చును.